కనిపించని ఇంటూ గుర్తు

మొన్న ఆదివారం అల్లూరులో మా అక్కవాళ్ళింటికి పోయినప్పుడు మా మేనల్లుడు వరండాలో మంచం మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటున్నాడు. ఏడో తరగతి, సామాన్య సమీకరణాల పాఠం. ఊరికే నోట్సులోకి తొంగి చూశాను. ఐదు ఎక్స్ ఈక్వల్ టు అరవై అని లెక్క. దాని కింద ఎక్స్ ఈక్వల్ టు యాభై అయిదు అని రాసి, చుట్టూ స్కేలుతో డబ్బా గీసి, ధీమాగా పక్క లెక్కలోకి వెళ్ళిపోయాడు.

"ఏందిరా ఇది, 55 ఎట్టా వచ్చింది?"

"60లో 5 పోతే 55 గదా మామా."

"అసలు తీసెయ్యడం ఎందుకు?"

"అటు పోతే గుర్తు మారుద్ది. 5 ముందర ఏ గుర్తూ లేదు, అంటే ప్లస్సు. అటు పోతే మైనస్సు."

తిడదామని నోరు తెరిచినవాణ్ణి మూసుకున్నాను. ఎందుకంటే వాడు చెప్పిన రెండు మాటలూ క్లాసులో రోజూ వినపడేవే. అంకె ముందు గుర్తు లేకపోతే ప్లస్సు అనుకోవాలి. ఈక్వల్ టు దాటితే గుర్తు మారుతుంది. ఈ రెండిటినీ నమ్మిన పిల్లోడు నిజాయతీగా లెక్క చేస్తే 55 కాక ఇంకేం వస్తుంది? వాడిది పరధ్యానం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు, చెప్పింది చెప్పినట్టు పాటించాడు. గుణకారం ఉన్న సమీకరణాల్లో పిల్లలు చేసే తప్పుల్లో చాలా వాటికి ఇదే మూలం అని నా అనుమానం: ఆ 5కీ ఆ అక్షరానికీ మధ్య ఒక గుర్తు ఉంది, అది కనపడదు.

ముందే ఒక మాట. పుస్తకంలో ఉండే ఆ ఇంగ్లీషు అక్షరం ఎక్స్ బదులు నేను ఇక్కడ 'య' అని రాస్తాను. ఇది నా సొంత పైత్యం కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితం రాసేటప్పుడు తెలియని సంఖ్యని యావత్తావత్ అన్నాడు, 'ఎంతైతే అంత' అని. రాసేటప్పుడు దాన్ని కుదించి 'యా' అని పెట్టేవాళ్ళు. కాబట్టి మా వాడి లెక్క ఇప్పుడు 5య = 60.

ఇందులో 5య అంటే ఏంది? ఐదు ఇంటూ య. అంటే య అనే సంఖ్య ఐదు సార్లు, య + య + య + య + య. ఇంతే, కానీ ఇంత చిన్న సంగతి పిల్లలకి ఎందుకు అంటదో తెలుసుకోవాలంటే వాళ్ళు అప్పటిదాకా చూసిన అంకెల్ని గుర్తు చేసుకోవాలి. 34 అని రాస్తే మూడూ నాలుగూ పక్కపక్కన ఉన్నాయి, దాని అర్థం 30 + 4. మూడున్నర అని అంకెల్లో రాస్తే 3 పక్కన ½ ఉంటుంది, దాని అర్థం 3 + ½. అంటే ఏళ్ళ తరబడి పక్కపక్కన రాస్తే కూడిక అని చేతికి అలవాటయింది. ఆ తర్వాత ఒక రోజు పొద్దున ఉన్నట్టుండి 3య అంటే 3 × య అంటారు, అదీ పాఠంలో ఒక్క లైనులో. అందుకే య = 4 అయితే 3య ఎంత అని అడిగి చూడండి, క్లాసులో ఎవరో ఒకరు 34 అంటారు. 3 పక్కన య తీసేసి 4 పెట్టాడు, వాడి దృష్టిలో అంతా సరిగ్గానే ఉంది.

మరి ఆ ఇంటూ గుర్తుని ఎందుకు మాయం చేసినట్టు? × అనే గుర్తుని 1631లో విలియం ఆట్రెడ్ అనే ఇంగ్లీషు పాదిరీ తన పుస్తకంలో వాడాడు. 1637లో ఫ్రాన్సు దేశపు డెకార్ట్ తెలియని రాశులకి ఎక్స్, వై, జెడ్ వాడాడు, అంకెని వాటికి ఆనించి రాశాడు. ఇంటూ గుర్తూ ఎక్స్ అక్షరమూ కవల పిల్లల్లా ఉంటాయి కదా, చేతిరాతలో అయితే అసలు తేడా తెలీదు. 1698లో జర్మనీ దేశపు లైబ్నిజ్ ఒక ఉత్తరంలో తన తోటి లెక్కల పండితుడు బెర్నూలీకి ఇదే గోడు వెళ్ళబోసుకున్నాడు, ఈ గుర్తు నాకు నచ్చదు, ఎక్స్‌తో కలిసిపోతోంది, నేను చుక్క పెట్టుకుంటాను అని. అంత పెద్ద లెక్కల మనిషికే చిరాకు పుట్టించిన గుర్తు ఇది. గుర్తు వదిలేసి రాయడం పెద్దవాళ్ళకి సుఖం, నేర్చుకునేవాడికి మాత్రం ఇబ్బంది. అందుకే మొదట్లో ఒక పది లెక్కల వరకైనా 5 × య అని గుర్తుతో సహా రాయమంటాను నేను. మార్కులేం పోవు.

ఇక 'అటు పోతే' సంగతి. నాకు చిన్నప్పుడు చెప్పిన సారు ఒకాయన దీన్ని పెన్నా బ్రిడ్జితో పోల్చేవాడు. ఈక్వల్ టు అంటే పెన్నా బ్రిడ్జి రా, నెల్లూరు వైపు ఉన్నప్పుడు ప్లస్సు, కోవూరు వైపు దిగితే మైనస్సు, ఇంటూ అయితే అవతల బై. క్లాసంతా నవ్వేది, మాకు భలే గుర్తుండిపోయింది, పరీక్షలకి పనికొచ్చింది కూడా. కానీ బ్రిడ్జి దాటితే ఎందుకు మారాలి, అక్కడ టోల్‌గేటు ఏమైనా ఉందా అని ఒక్కడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పుస్తకం భాషలో దీని పేరు పక్షాంతరం. అది తప్పు పద్ధతి అనడం లేదు, నేనూ రోజూ అదే వాడతాను. కాకపోతే అది చివర్న నేర్చుకోవాల్సిన అడ్డదారి, దాన్నే రహదారి అని మొదట చూపిస్తే 55లు వస్తాయి.

అసలు దారి తక్కెడ. ఒక వైపు ఒకే తూకం ఉన్న ఐదు శెనగ సంచులు పెట్టాం, రెండో వైపు 60 కిలోల రాళ్ళు, ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. ఒక్కో సంచి ఎంత అని ప్రశ్న. ఇప్పుడు మా వాణ్ణి ఇదే అడిగాను, పుస్తకం మూసేసి. "12 కిలోలు" అన్నాడు ఒక్క క్షణంలో. ఎట్టా అంటే, "60ని ఐదు సంచులకి పంచితే 12 గదా". చూడండి, లెక్క వాడికి వచ్చు. రాతే అడ్డం పడింది. 60లోంచి 5 తీసెయ్యొచ్చు గదరా మరి అంటే నా వైపు వింతగా చూశాడు. 60 కిలోలు, 5 సంచులు. కిలోల్లోంచి సంచుల్ని ఎట్టా తీసేస్తారు మామా అని వాడే అన్నాడు.

అదీ అసలు కీలకం. 5య = 60లో 5 అనేది తక్కెడ పళ్ళెంలో లేదు. పళ్ళెంలో ఉన్నవి సంచులు, 5 వాటి లెక్క మాత్రమే. పళ్ళెంలో లేని దాన్ని తీసి అవతల పెట్టడం కుదరదు. చెయ్యగలిగింది ఒక్కటే, ఐదు సంచుల్లో ఒక్కటి మాత్రమే ఉంచి, అంటే ఎడమ వైపు ఐదో వంతు చేసి, ముల్లు కదలకుండా కుడి వైపు కూడా ఐదో వంతే ఉంచడం. 5య ÷ 5 = 60 ÷ 5. ఎడమన య మిగిలింది, కుడిన 12. బ్రిడ్జి దాటలేదు, ఎవరూ ఎటూ పోలేదు, రెండు వైపులా ఒకే పని చేశాం. ఇలా చేసిన పనిని కుదించి చెప్తేనే 'ఇంటూ అటు పోతే బై అవుతుంది' అన్న మాట పుట్టింది.

మా బావకి రొయ్యల గుంతలున్నాయి. ఆయన పదో తరగతి తప్పాడు, లెక్కలంటే దణ్ణం పెడతాడు, కానీ ఈ సమీకరణం లేకుండా ఆయనకి వారం గడవదు. రొయ్యలు అమ్మేది కౌంట్ మీద. 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు తూగుతాయని. మరి ఒక్కో రొయ్య బరువెంత? 40య = 1000 గ్రాములు, య = 25 గ్రాములు. 50 కౌంట్ అయితే 20 గ్రాములు, 100 కౌంట్ అయితే 10 గ్రాములే. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ, ఇది మా వాడికి మూడో తరగతి నుంచే తెలుసు. తెల్లారుజామున గుంతలో విసురు వల వేసి శాంపిల్ పడతారు, నీళ్ళు ఓడ్చి తూకం వేస్తే 2 కిలోలు వచ్చిందనుకోండి, గట్టు మీద పట్టా పరిచి లెక్కపెడితే 84 ఉన్నాయి. 2య = 84, కౌంట్ 42. ఆ తడి పట్టా మీద లెక్క వేసేటప్పుడు 84లోంచి 2 తీసేసి 82 కౌంట్ అని చెప్పిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. చెబితే కొనడానికి వచ్చినాయన సంతోషంగా ఆ రేటే కడతాడు.

ఇంకో చిక్కు, ఈక్వల్ టు గుర్తు. చిన్న తరగతుల్లో 7 + 5 = అని రాసి ఖాళీ వదిలేస్తారు కాబట్టి ఆ గుర్తు అంటే 'ఇప్పుడు జవాబు రాయి' అనే ఆజ్ఞ అని పిల్లలు అనుకుంటారు. అందుకే 60 = 5య అని తిప్పి ఇస్తే కంగారు పడిపోతారు, జవాబు ముందే వచ్చేసిందే అని. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశపు లెక్కల పండితుడు ఈ గుర్తు పెట్టినప్పుడు చెప్పిన కారణం ఏమిటంటే, సమాంతరంగా ఉన్న రెండు ఒకే పొడుగు గీతల కన్నా సమానమైనవి ఇంకేం ఉంటాయని. ఎడమా కుడీ సమానం అని చెప్పడమే దాని పని, ఎటు నుంచి చదివినా ఒకటే. తక్కెడని అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ముల్లు మధ్యలోనే కదా ఉంటుంది.

ఇప్పటిదాకా జవాబులన్నీ చక్కగా నిండు సంఖ్యలు వచ్చాయి. పుస్తకాల్లోనూ అంతే, అది ఒక రకంగా పిల్లల్ని చెడగొడుతుంది. భాగహారం తెగకపోతే లెక్క తప్పు అని తేల్చేసి మళ్ళీ మొదటికి వస్తారు. నెల్లూరులో ఇళ్ళ స్థలాలు అంకణాల్లో అమ్ముతారు. మన దగ్గర అంకణం అంటే 8 అడుగులు ఇంటూ 9 అడుగులు, 72 చదరపు అడుగులు. 1800 చదరపు అడుగుల స్థలంలో ఎన్ని అంకణాలు? 72య = 1800, య = 25. బాగుంది. అదే 1500 అడుగులైతే? 72తో భాగిస్తే 20.83 వస్తుంది, ఇంకా తెగదు. ఏం తప్పు లేదు, స్థలం అంతే ఉంది. సెంటుకి 435.6 చదరపు అడుగులు కాబట్టి 72య = 435.6, సెంటుకి 6.05 అంకణాలు, రియల్ ఎస్టేట్ వాళ్ళకి ఈ ఆరు పాయింట్ సున్నా అయిదు నోటికి వచ్చు. భిన్నం వచ్చిందని ఎవరూ ఆ స్థలం కొనకుండా పోరు. ఇదే చోట ఇంకో ప్రమాదం ఉంది, అది ఆల్జీబ్రా చూపించదు. తిరుపతి వైపు అంకణం అంటే 36 అడుగులే. అక్కడ 25 అంకణాలు అంటే 900 అడుగులు. సమీకరణం చెయ్యడం ఎంత బాగా వచ్చినా ముందున్న ఆ 72 స్థానంలో ఏ అంకె పెట్టాలో, పుస్తకం మాటల్లో గుణకం, అది ఊరిని బట్టి తెలుసుకోవాల్సిందే.

గుణకం ఒకటి కంటే తక్కువైతే ఇంకో తిరకాసు. వడ్లు ఆడిస్తే వచ్చే బియ్యం సుమారుగా మూడింట రెండు వంతులు అనుకుందాం (సర్కారు లెక్క క్వింటాకి 67 కిలోలు). 50 కిలోల బియ్యం కావాలంటే ఎన్ని వడ్లు పొయ్యాలి? ⅔ × య = 50. ఇక్కడ చాలామంది 50ని ⅔తో గుణించి 33 చిల్లర అంటారు. 33 కిలోల వడ్లు పోస్తే 50 కిలోల బియ్యం వచ్చే మిల్లు ఎక్కడుందో చెప్తే మా ఊరంతా అక్కడే క్యూ కడుతుంది. భాగించాలి. భిన్నంతో భాగించడం అంటే తలకిందులు చేసి గుణించడం అని ఇంకో మంత్రం చెప్తారు, నిజమే, కానీ నోటితో చేసి చూడండి. రెండు వంతులు 50 అయితే ఒక వంతు 25, మొత్తం మూడు వంతులు 75. అదే 50 × 3/2. రెండుతో భాగించి మూడుతో గుణించామంతే, తలకిందులు అనే మాట వెనకున్నది ఇదే. భాగిస్తే జవాబు ఎప్పుడూ చిన్నదవుతుందన్న అపోహ కూడా ఇక్కడే పోతుంది.

భాగహారం రూపంలో ఉన్నవి ఇంకా తేలిక. య ÷ 4 = 7 అంటే నలుగురికి పంచితే తలా 7 వచ్చాయి, మొత్తం 28. వీటి మీద ఎక్కువ సేపు కూర్చోనక్కర్లేదు.

కూర్చోవాల్సింది మైనస్ దగ్గర. −3య = 12. మా వాడు దీనికి 15 వేశాడు, మళ్ళీ అదే దారి, మైనస్ 3 అటు పోయి ప్లస్ 3 అయింది. వాడి పక్కన ఉండే పిల్ల 4 వేసిందట, మైనస్ ఎక్కడో జారిపోయింది. ఇందులో మైనస్ అనేది 3తో పాటు అంటుకుని ఉన్న భాగం, గుణకం 3 కాదు, −3. రెండు వైపులా −3తో భాగించాలి, య = −4. కనిగిరి వైపు ఎండాకాలంలో బోరులో నీటి మట్టం రోజుకి 3 అడుగులు దిగుతోందనుకోండి, ఉదాహరణకే. ఈ రోజు మట్టాన్ని సున్నా అనుకుంటే య రోజుల తర్వాత మట్టం −3య. అది 12 ఎప్పుడు? ఈ రోజు కన్నా 12 అడుగులు పైన ఎప్పుడు ఉంది అని కదా అడుగుతున్నాం, నాలుగు రోజుల కిందట. −4 అంటే అదే, వెనక్కి నాలుగు రోజులు. 4 అని రాస్తే దిగే బోరు నాలుగు రోజుల్లో పొంగిందని అర్థం, అట్టాంటి బోరు కనిగిరిలో పడితే పండగే.

సున్నా గురించి రెండు ముక్కలు. 7య = 0 అయితే య = 0, ఏడు సంచులూ ఖాళీవే, ఇది సరైన జవాబే కానీ చాలామంది 'జవాబు లేదు' అని రాసేస్తారు. 0 × య = 500 అయితే నిజంగానే జవాబు లేదు, రోజుకి సున్నా రూపాయలు దాచుకుంటూ పోతే ఎన్నాళ్ళకీ 500 కావు. 0 × య = 0 అయితే ఏ సంఖ్య పెట్టినా సరిపోతుంది. అందుకే రెండు వైపులా దేనితో అయినా భాగించొచ్చు గానీ సున్నాతో కుదరదంటారు.

వీటన్నిటికీ ఒక కాపలాదారు ఉన్నాడు, కానీ పరీక్షలో అడగరు కాబట్టి ఎవరూ పిలవరు. వచ్చిన జవాబుని తీసుకెళ్ళి మొదటి లైన్లో పెట్టి చూడటం. మా వాడి 55ని పెట్టమన్నాను. ఐదు యాభై అయిదులు 275. 60కి 275కి పొంతనేముంది? వాడి మొహం మాడింది, తర్వాత పెన్ను తీసుకుని ఆ డబ్బాని అడ్డంగా కొట్టేశాడు. సరి చూసుకోవడానికి పది సెకన్లు కూడా పట్టదు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, 6800 కిలోల వడ్లు ఎన్ని పుట్లు అంటే 850య = 6800, 8 పుట్లు. 850 ఎనిమిదులు 6800, అయిపోయింది, ఇంక ఎవర్నీ అడిగే పని లేదు. యత్నదోష పద్ధతి అని పుస్తకంలో మొదట చెప్పేది కూడా దీని తమ్ముడే, ఒక సంఖ్య పెట్టి చూడటం, కుదరకపోతే ఇంకోటి. అది నేర్పేసి వెంటనే మర్చిపొమ్మన్నట్టు పక్కన పెట్టడం నాకు నచ్చదు.

సాయంత్రం టీ తాగి బయల్దేరబోతుంటే వాడే నోట్సు పట్టుకుని వచ్చాడు. 5య + 10 = 60. "ఇందులో రెండున్నాయి గదా మామా, ముందు దేన్ని పంపాలి?"

"పంపడం పక్కన పెట్టు. తక్కెడలో ఏమేం ఉన్నాయి?"

కాసేపు చూశాడు. "ఐదు సంచులు. ఒక పది కిలోల రాయి. అవతల 60."

"రాయి తీసెయ్యగలవా?"

"పళ్ళెంలోనే ఉంది గదా, తీసెయ్యొచ్చు. అవతల కూడా పది తీస్తా." రెండు వైపులా −10 అని రాశాడు, 5య = 50. తర్వాత 5 దగ్గర పెన్ను ఆగింది. "ఇది మాత్రం పళ్ళెంలో లేదు" అని గొణుక్కుని, రెండు వైపులా కింద గీత గీసి, కింద 5 వేసి, 10 అని రాశాడు. డబ్బా గీయలేదు. ముందు ఐదు పదులు 50, పది కలిపితే 60 అని వేళ్ళ మీద చూసుకుని, అప్పుడు స్కేలు కోసం వెతుక్కున్నాడు.